బాపు ‘రాండ్రి’ అనేదాకా

మా బాపు "రాండ్రి" అననిదే మా ఇంట్లోకి ఎవరూ అడుగు పెట్టేవాళ్ళు కాదు. ఇల్లు అని ఊరికే అంటున్నాను, అప్పటికి అది ఇల్లు కాదు. కరీంనగర్ దాటాక మంచిర్యాల బస్సులు పోయే రోడ్డుకు కాస్త లోపలగా, సగం లేచిన గోడలు, ఇసుక కుప్ప, సిమెంటు బస్తాల మీద కప్పిన నీలం పరదా. తలుపుల్లేవు, కిటికీల్లేవు, గేటు అసలే లేదు. ఎటు నుంచైనా లోపలికి నడిచి పోవచ్చు. మేకలు పోయేవి కూడా. అయినా పొద్దున్నే పనికి వచ్చిన మనుషులు మాత్రం టిఫిన్ డబ్బాలు పట్టుకుని, దర్వాజా రావలసిన చోటికి బయటే ఆగేవాళ్ళు. బాపు ఒక్కడే కర్ర తీసుకుని లోపలికి పోయేవాడు. గోడ పైన తట్టేవాడు, పక్కన తట్టేవాడు, ఇంకా కప్పు లేకపోయినా ఒక్కో గదిలో తల పైకెత్తి కాసేపు నిలబడేవాడు. ఆ తర్వాత బయటికి మొహం తిప్పి "రాండ్రి" అనేవాడు. అప్పుడు మొదలయ్యేది పని.

ఇది చూసి మొదట్లో నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. వాళ్ళు నవ్వుకుంటారేమోనని కాదు, నవ్వుకుంటూనే ఉన్నారు. "బాపూ, ఇది ఇల్లే, బొగ్గుబాయి గాదు" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో లెక్కలేదు. ఆయన పట్టించుకుంటే కదా. మేం కిరాయికుంటున్న ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కూడా "బాయికి పోయొస్త బిడ్డా" అనేవాడు. శ్రీరాంపూర్‌లో బాయికి, అంటే బొగ్గుగనికి, పోయినన్నాళ్ళూ అదే మాట, రిటైరై నా దగ్గరికొచ్చాక కూడా అదే మాట.

బాయిలో మా బాపు సర్దార్. పేరు గొప్ప, పని చిన్న. షిఫ్టు మనుషులందరికంటే ముందు లోపలికి పోయి, వాళ్ళు పని చేయబోయే చోట కప్పును కర్రతో కొట్టి చూడాలి. గట్టిగా పలికితే రమ్మనాలి. బోలుగా పలికితే ఆగమనాలి. ఆయన బొగ్గు తవ్విందీ లేదు, మోసిందీ లేదు. చూశాడు. జీవితమంతా తల పైకెత్తి చూసీ చూసీ మెడ కొంచెం వెనక్కి వంగిపోయింది. మామూలుగా నడుస్తున్నా ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టే ఉండేవాడు.

నాది మండలంలో లెక్కల టీచరు ఉద్యోగం. మా ఆయనది ఆదిలాబాద్‌లో ఉద్యోగం, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే పోతాడు. ఇల్లు మొదలుపెట్టిన రోజే మేస్త్రీ ఒక మాట అన్నాడు.

"మేడం, సిమెంటు ఇస్తరు, ఇసుక ఇస్తరు, గదంత సరే. ఇంటోల్లు ఒక్కలన్న నిలవడాలె. నిలవడెటోల్లు లేకుంటె నన్ను గుడ నమ్మకుండ్రి."

నిజాయితీపరుడని అప్పుడే అర్థమైంది. అతను ఏకకాలంలో మూడు చోట్ల పనులు పెట్టుకున్న మనిషి, తనను తను నమ్మొద్దని చెప్పడం కంటే ఎక్కువ ఏం చేస్తాడు. ఇంజనీరు కూడా మంచివాడే. పని తెలిసినవాడు, అడిగితే విసుక్కోకుండా చెప్పేవాడు. కానీ ఆయన వచ్చినప్పుడు చూస్తాడు, వెళ్ళాక చూడడు. ఇక మిగిలింది బాపు. "నేను నిలవడ్త" అన్నాడు, ఎవరూ అడక్కముందే. ఊపిరితిత్తుల నిండా దుమ్ము పెట్టుకుని, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడే మనిషి. ఎండలో ఏం నిలబడతావని అరిచాను. "నిలవడుటానికి ఊపిరి ఎందుకే?" అన్నాడు. ఆయనతో నేను ఎప్పుడూ నెగ్గలేదు, అప్పుడూ నెగ్గలేదు.

ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొనిచ్చాను. దాంట్లో తన తువ్వాల పెట్టి, తను పక్కన నిలబడేవాడు.

నేను బడి నుంచి నేరుగా సైటుకు వచ్చేదాన్ని. ఒకరోజు ఆయన కర్రతో గోడ తట్టుతుంటే పక్కన నిలబడి అడిగాను.

"ఏం ఇనవడ్తది బాపూ నీకు?"

"ఏం ఇనవడది."

"మరెందుకు కొడుతున్నవు?"

"ఇది బొగ్గు గాదు గదనే, నాకేం తెలుస్తది. గని కొడితె తలకాయ పైకి లేస్తది. లేస్తె సూస్తం. సూసుడే గద పని."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోకంలో ఇన్ని చదువులుండగా మా ఇంటి మంచిచెడ్డలు ఇలాంటి మనిషి చేతిలో పెట్టామా అనుకున్నాను. ఆయనకు సిమెంటు గురించి నిజంగానే ఏమీ తెలియదు. కంకర సైజు అడిగితే మేస్త్రీ మొహం చూసేవాడు. ఇంజనీరు ఏది చెబితే అది గుర్తు పెట్టుకుని, అది జరిగేదాకా అక్కడి నుంచి కదలకపోవడం మాత్రం వచ్చు. నీళ్ళు కొట్టమన్నారంటే ఆ గోడ తడిసేదాకా అక్కడే. సిమెంటు మాలు కలిపి ఎక్కువసేపు ఉంచొద్దన్నారంటే ఆ మాలు పక్కనే. కూలికొచ్చిన ఆడవాళ్ళలో ఒకామె ఉండేది, పక్కనే గుడిసె వేసుకుని మాకు కాపలా కూడా ఉండేది. ఆమె నోరు ఊరుకునేది కాదు.

"పెద్దయ్యా, గోడకు పెండ్లి సంబంధం సూస్తున్నవా ఏంది, గంత దగ్గరికి పోయి సూస్తున్నవు?"

"సూడకుంటె నువ్వు మాయ జేస్తవు."

"ఆఁ, నీ ఇటుకలు కొంగుల మూటగట్టుక పోత."

అలా పొద్దు గడిచేది. పొద్దున ఆగి, ఆయన పిలిచాక లోపలికి రావడం మొదట ఆటగా మొదలుపెట్టారు. తర్వాత అదే అలవాటైపోయింది. బాపు జ్వరంతో ఒకరోజు ఆలస్యంగా వెళితే, అందరూ ఇసుక కుప్ప మీద కూర్చుని ఉన్నారట. ఎందుకు కూర్చున్నారంటే, "నువ్వు చెప్పలే గద" అన్నారట. ఆ సాయంత్రం ఈ ముచ్చట ఆయన నాకు ముఖం వెలిగిపోతూ చెప్పాడు. నేను మాత్రం పూట పని పోయిందని గొణిగాను.

పెద్ద స్లాబు వేసిన రోజు ఇంజనీరు బాపును పక్కకు పిలిచి, "తాతా, మీరు ఒక్కటే చూడండి. చువ్వల మీద ఎవరినీ నడవనీయకండి. చెక్క వేసి, చెక్క మీదే నడవమనండి" అన్నాడు. అంతే. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా బాపు నిచ్చెన తల దగ్గర కూర్చుని, చెక్క దాటిన ప్రతి పాదం మీదా కర్రతో ఒకటి తగిలించాడు. మేస్త్రీకి కూడా తగిలింది. మా ఆయనకూ తగిలింది. ఆ రోజు రాత్రి కాళ్ళు పట్టుకుపోయి మంచం దిగలేకపోయాడు, అయినా ఖుషీగానే ఉన్నాడు.

స్లాబు కింద నిలబెట్టిన కట్టెలు తీసే రోజు వచ్చినప్పుడు మాత్రం ఆయన మొహం మారిపోయింది. బాయిలో కప్పు కింద కట్టెలు పెట్టడం కంటే, పని అయ్యాక వాటిని తీయడం ప్రమాదమట. ఎక్కువమంది ఆ పూటే పోతారట. ఎప్పుడూ బాయి సంగతులు ఇంట్లో చెప్పని మనిషి ఆ రోజు చెప్పాడు.

"కట్టె దగ్గరుండి తియ్యద్దు బిడ్డా. దూరమున్నుంచి మోకు కట్టి గుంజాలె."

సెంట్రింగ్ మనిషి, అంటే స్లాబు కింద చెక్కలూ కట్టెలూ కట్టే మనిషి, నెత్తి పట్టుకున్నాడు. "సుత్తెతోని రెండు దెబ్బలు కొడితె అయిపోతది, మోకులెందుకు సర్దార్ సాబ్" అని బతిమాలాడు. బాపు వినలేదు. అందరినీ బయటికి పంపి, ఒక్కో కట్టెకూ మోకు కట్టించి గుంజించాడు. ఏమీ కాలేదు. స్లాబు రాయిలా నిలబడింది. సెంట్రింగ్ మనిషి నా వైపు చూసి నవ్వాడు, నేనూ నవ్వాను.

ఇక మిగిలింది ముందటి పోర్టికో. దాని గురించి చెప్పుకోవాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పోర్టికోకు పిల్లర్లు వద్దని మా ఆయన పట్టుబట్టాడు. కారు తిప్పుకోవడానికి అడ్డమట. మాకు కారు లేదు. ఎప్పుడో కొంటాం అన్నాడు. సరే, ఇంజనీరు లెక్కలు వేసిచ్చాడు. కింద ఆధారం లేకుండా గోడలోంచి బయటికి పొడుచుకొచ్చే స్లాబు. వానలు మొదలవుతున్నాయి, చిన్న పని, ఒక్క పూటలో అయిపోతుందన్నారు.

ఆ రోజు నేను బడిలో ఉన్నాను. చువ్వలు కట్టేదాకా బాపు అక్కడే ఉన్నాడు. కాంక్రీటు కలపడం మొదలయ్యేసరికి ఆయాసం ఎక్కువైంది. ఆమే, ఆ గుడిసెలో ఉండే ఆమే, ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయి నాకు ఫోను చేసింది. మేస్త్రీ ఆ పూట ఇంకో సైటులో ఉన్నాడు. మబ్బు పట్టింది. ఉన్నవాళ్ళు గబగబా పోసేశారు. వాళ్ళనేమీ అనను. వాన మీదికొస్తుంటే ఎవరైనా అదే చేస్తారు.

దవాఖానలో బాపు మూతికి ఆక్సిజన్ పెట్టారు. అది తీసి తీసి మాట్లాడేవాడు. నర్సు కోప్పడేది.

"ముందటిది నేను సూడలే."

"సరే బాపూ, మాట్లాడకు."

"సూడలే బిడ్డా. పోసేటప్పుడు లేను. దాని కట్టెలు తియ్యద్దు. నేను సూసినంకనే."

మెట్‌పల్లి నుంచి కాక వచ్చాడు, బాపు తమ్ముడు. అన్నను చూసి ఏడ్చాడు. తర్వాత వరండాలో నన్ను పట్టుకుని, "ఏమంటుండే? నన్నేమన్న యాదిజేసిండా?" అని అడిగాడు. పోర్టికో అంటున్నాడని చెప్పాను. కాక మొహం చిన్నబోయింది. "బాయి యాదికొస్తున్నట్టున్నది. గవే కట్టెలు, గవే రూఫులు" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఏ మనిషైనా పోయే ముందు మనుషుల గురించి మాట్లాడతాడు. నన్ను గురించి ఒక్క మాట అంటాడేమోనని నేనూ చూశాను. అనలేదు. పోర్టికో అన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం నేను క్యాంటీనులో చాయ్ తాగుతుండగా పోయాడు. స్లాబు పోసి అప్పటికి వారం కూడా కాలేదు.

నాకు ఏమీ అనిపించలేదు. చాయ్ సగం మిగిలి ఉందని గుర్తుంది. వెనక్కి వెళ్ళి అది తాగేశాను కూడా.

అంబులెన్సు ఎక్కించాక మేం కిరాయికుంటున్న ఇంటి ఓనరమ్మ ఫోను చేసింది. మంచిదే ఆమె, పండక్కి పిండివంటలు పంపేది.

"మేడం, తప్పుగ అనుకోకుండ్రి. శవాన్ని మాత్రం ఇంటికి తేవద్దు. శ్రావణంల మా పిల్ల పెండ్లున్నది. గీ దినాలన్ని ఇంకేడన్న జేసుకోండ్రి."

కిరాయి ఇళ్ళల్లో ఇది మామూలే. ఎవరి శవమైనా రోడ్డు మీదికే వస్తుంది. "సరే" అన్నాను. గొడవ పడతాననుకుని మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, కానీ నాలో గొడవ లేదు. "సొంత ఇల్లున్నది గద, ఆడికే తీస్కపోదాం" అన్నాడు కాక. అంబులెన్సు అటు తిప్పారు.

దారిలోనే వాన మొదలైంది. సైటు దగ్గర అందరూ ఉన్నారు, పని ఆపి నిలబడి ఉన్నారు. మేస్త్రీ, సెంట్రింగ్ మనిషి, కూలికొచ్చే ఆడవాళ్ళు. చుట్టాలు కూడా ఒక్కొక్కరే దిగుతున్నారు. బాపును దించి సెంట్రింగ్ చెక్కల మీద పడుకోబెట్టారు, వానలోనే. గృహప్రవేశం కాని ఇంట్లోకి శవం పోవద్దన్నారు పెద్దలు. మరి ఎక్కడ పెట్టాలి? అందరి చూపూ పోర్టికో మీద పడింది. ఇంటి లోపలా కాదు, వానా పడదు. కానీ దాని కింద అడుగడుక్కీ కట్టెలు నిలబెట్టి ఉన్నాయి. మనిషి దూరడానికే సందు లేదు.

"నడుమల నాలుగు కట్టెలు తీస్తె పడ్తడు. సుట్టు కూసుంటానికి ఇంకో నాలుగు" అన్నాడు కాక.

సెంట్రింగ్ మనిషి తల గోక్కున్నాడు. అతనికీ ఆ కట్టెలు వేరే చోట కావాలి. "నాలుగు తీస్తె ఏం గాదు తియ్. చిన్న స్లాబే" అని సుత్తె తెచ్చుకున్నాడు.

"వద్దు" అన్నాను.

ఆ మాట నేనేనా అన్నది అన్నట్టు అందరూ చూశారు.

"ఏమే, కన్నతండ్రిని వానల పండవెడ్తవా?" అన్నాడు కాక.

"ఆయన సూడలేదట. సూడందాన్ని తియ్యద్దన్నడు."

"సచ్చేటప్పుడు మతిలుండి మాట్లాడ్తరా బిడ్డా? నువ్వు సదువుకున్నదానివి."

"సదువుకున్న గద, అందుకే చెప్తున్న. వారం గాలే పోసి. ఒక్క కట్టె ముట్టద్దు."

"కట్టెలకున్న ఇజ్జత్ మా అన్నకు లేదా?"

మా ఆయన దగ్గరికొచ్చి, మెల్లగా, "నాలుగు కట్టెలే కదా" అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. ఆ రోజు మొత్తంలో నాకు వచ్చింది అదొక్కటే. కట్టెలకు అడ్డంగా పోయి నిలబడ్డాను. "ఎవడు తీస్తడో తియ్యండ్రి, ముందుగాల నా చెయ్యి తీసి తియ్యండ్రి" అని అరిచాను. మాట్లాడాల్సిన తీరు కాదది, అందులోనూ శవం ముందు. అత్తగారి వైపు ఆడవాళ్ళు మూతులు తిప్పుకున్నారు. తండ్రి పోతే కన్నీటి చుక్క లేదు, కట్టెల కోసం కొట్లాడుతోందని ఎవరో అన్నారు, నాకు వినపడేలాగే. నిజమే. చుక్క లేదు.

గుడిసె ఆమె ముందుకొచ్చింది. సిమెంటు బస్తాల మీది నీలం పరదా లాగేసింది. ఒక మూల తను పట్టుకుని, మిగతా మూలలు పట్టుకోమని తనవాళ్ళను పిలిచింది. అలా బాపు మీద పరదా పట్టుకుని నిలబడ్డారు, పాడె తయారయ్యేదాకా. పరదా సందుల్లోంచి ఆయన పాదాల మీద వాన పడుతూనే ఉంది. బస్తాలు తడిసిపోయాయి. తర్వాత వాటిని చించి చూస్తే సిమెంటు అంతా బస్తా ఆకారంలో గట్టిపడి ఉంది. వాటినే పెరట్లో మెట్లుగా వేసుకున్నాం.

కర్మలు మెట్‌పల్లిలో కాక ఇంట్లో జరిగాయి. వెళ్ళే ముందు గుడిసె ఆమెకు ఒకటే చెప్పాను, ఎవర్నీ కట్టె ముట్టనియ్యొద్దని. "ఫికర్ వెట్టుకోకక్కా, నేనున్న" అంది. అక్కడ కాక నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేటప్పుడు కూడా వేరే వాళ్ళతో అడిగించాడు. నేనూ పట్టించుకోలేదు. ఆ రోజులన్నీ నాకు ఎవరో పక్కింటివాళ్ళవిలా గడిచాయి. వచ్చినవాళ్ళు ఏడిస్తే నీళ్ళిచ్చాను. రాత్రిళ్ళు బాగా నిద్రపోయాను. నిద్ర పడుతున్నందుకు భయం వేసింది తప్ప ఇంకేమీ వేయలేదు.

తిరిగి వచ్చి బడికి పోవడం మొదలుపెట్టాక ఇంజనీరు ఫోను చేశాడు. గడువు దాటింది, పోర్టికో కట్టెలు ఇక తీయొచ్చన్నాడు, తనూ వస్తానన్నాడు. నేను సెలవు పెట్టాను. "కట్టెలు తీయడానికి సెలవేంటి?" అన్నాడు మా ఆయన, కానీ ఆదిలాబాద్ పోకుండా తనూ ఆగాడు. బాపు కర్ర దవాఖాన నుంచి వచ్చిన సామానులో ఉంది. దాన్ని తీసుకుని వెళ్ళాను.

పనివాళ్ళు వచ్చి బయటే ఆగి ఉన్నారు. ఎప్పుడూ ఆగే చోటే. బాపు లేడని వాళ్ళకు తెలియదా, పాడె మోసింది వాళ్ళే. అయినా ఎవరూ కదల్లేదు, నా చేతిలో కర్ర వైపు చూశారు. నేను పోర్టికో అంచు కింద బయటే నిలబడి, చెయ్యి చాచి కర్రతో తట్టాను. టక్కుమంది. ఇంకో చోట తట్టాను, అక్కడా టక్కుమంది. లెక్కల టీచరుకు అందులో ఏం తెలుస్తుంది. తల పైకెత్తి మాత్రం చూశాను. తడి మరక తప్ప ఏమీ లేదు.

"మోకులు కట్టుండ్రి" అన్నాను.

"మల్ల మోకులా మేడం? పెద్దాయన పోయిండు, మోకులు పోలేదా?" అన్నాడు సెంట్రింగ్ మనిషి. ఇంజనీరు నవ్వబోయి ఆగి, "కట్టండి, పోయేదేముంది" అన్నాడు. బయటి వరస కట్టెలకు మోకులు కట్టి అందరూ రోడ్డు దాకా వచ్చి గుంజారు. ఆ వరస పడింది. స్లాబు అలాగే ఉంది. సెంట్రింగ్ మనిషి నా వైపు చూసి కళ్ళెగరేశాడు. రెండో వరస గుంజారు.

గోడ దగ్గర పటుక్కున ఒక చప్పుడైంది. చిన్నదే. పోర్టికో ముందుకు వంగింది, మిగిలిన కట్టెలు పుల్లల్లా విరిగాయి, మొత్తం ఒకే ముక్కగా కిందికి దిగింది. నేల అదిరింది. దుమ్ము లేచి మా మొహాల మీద పడింది. దుమ్ము తగ్గాక చూస్తే దాని కింద కట్టెలు తప్ప ఏమీ లేవు.

సెంట్రింగ్ మనిషి ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. సుత్తె ఇంకా చేతిలోనే ఉంది. ఇంజనీరు వెళ్ళి విరిగిన చోట వంగి చాలాసేపు చూసి, పాలిపోయిన మొహంతో తిరిగి వచ్చాడు. ఇలాంటి స్లాబుకు బలమంతా పైన ఉండే చువ్వల్లోనే ఉంటుందనీ, పోసేటప్పుడు వాటిని తొక్కడం వల్ల అవి అడుగుకు దిగిపోయాయనీ చెప్పాడు. "ఆ పూట చెక్క వేసినట్టు లేరు. నేనుండాల్సింది" అన్నాడు. చెక్క దాటిన పాదాల మీద కర్రతో కొట్టే మనిషి ఆ పూట దవాఖానలో ఉన్నాడు. ఆయన చూసిన పెద్ద స్లాబు ఆ వెనకే చెక్కుచెదరకుండా ఉంది. ఆయన చూడనిది ఇదిగో, నేల మీద ఉంది.

గుడిసె ఆమె నా పక్కన నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది.

"అక్కా, ఆ దినం పెద్దయ్యను గీ కిందనే గద పండవెడ్తమన్నరు. మనమందరం గీ కిందనే గద కూసుందుము."

కాక కూర్చునేవాడు. మా ఆయన కూర్చునేవాడు. బాపు తల దగ్గర నేను కూర్చునేదాన్ని. మా ఆయన పక్కకు పోయి ఫోనులో మెట్‌పల్లికి చెబుతున్నాడు. చెప్పడం అయ్యాక ఫోను తెచ్చి నా చెవికి పెట్టాడు. అటు కాక ఉన్నాడు. ఏడుస్తున్నాడని తెలుస్తోంది.

వెనకవైపు నుంచి ఇంట్లోకి పోయాను. ముందటి గదిలో నిలబడి కర్రతో పైకి కొట్టాను. తల లేచింది. చూశాను. పక్క గదిలో కొట్టాను, చూశాను. వంటింట్లో, మెట్ల కింద, అన్ని చోట్లా. నాకేమీ వినపడలేదు. ఆయనకూ వినపడేది కాదని గుర్తొచ్చింది. ఆ వంటింట్లో తల పైకెత్తి నిలబడినప్పుడు నాకు మా బాపు కావాలనిపించింది. ఇన్నాళ్ళలో మొదటిసారి. చిన్నపిల్లలకు అనిపించినట్టు, వెంటనే, అక్కడికక్కడే కావాలనిపించింది.

దర్వాజా రావలసిన చోటికి వచ్చాను. విరిగిన పోర్టికోకు అవతల వాళ్ళంతా డబ్బాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ ఇళ్ళకు పోలేదు. "రాండ్రి" అన్నాను. ఎవరూ కదల్లేదు. పైకి చూస్తున్నారు, నన్ను చూస్తున్నారు.

"గంత మెల్లగ అంటె ఎట్లినవడ్తదక్కా" అంది గుడిసె ఆమె. "పెద్దయ్య లెక్క గట్టిగ చెప్పు. ఎప్పటిసంది నిలవడ్డమో."

గొంతు సరిచేసుకుని మళ్ళీ అన్నాను, గట్టిగా. అప్పుడు వాళ్ళు వెనకవైపు నుంచి ఒక్కొక్కరే లోపలికి వచ్చారు.